గడ్డకట్టిన మట్టి మీద గెలుపు: అల్ రువైస్ ప్రయాణం

అల్ రువైస్‌లో సముద్రం ఒడ్డున చేపల శీతల గిడ్డంగి కింద మట్టి గడ్డకట్టి, నేల ఉబ్బిపోయి తలుపు మూసుకోవడం లేదని మా మట్టి పరీక్షల ల్యాబ్‌కు కబురొస్తే అందరూ నవ్వారు. ఈ ఎండల్లో మట్టి గడ్డకట్టడమేమిటని! చమురు డబ్బుతో ఈ అరబ్బు దేశమంతా కట్టడాలు లేస్తున్న రోజులు. పాత గిడ్డంగిని కూల్చేయడమే యజమానికి తేలిక. అప్పుడు అక్కడి కూలీల పని పోతుంది. నేల కింద గాలి గొట్టాలు వేసి చూద్దామని పట్టుబట్టింది నేనే. ఏడాది నిలవకపోతే కూల్చేస్తానన్నాడు యజమాని. పాత నేల ఆర్నెల్లకే లేచింది. కొత్తది ఏడాది నిలిచిందో లేదో చూడటానికే ఈ శుక్రవారం బయలుదేరాను.

పొద్దున్నే రాజధానిలో నేనుండే అల్ ముంతజాలో టాక్సీ ఎక్కాను. రానూపోనూ రెండు వందల యాభై రియాళ్లు. రోడ్డు ఖాళీగా ఉంటే గంటన్నర ప్రయాణం. డ్రైవర్ ఖాజా భాయ్‌ది కరీంనగర్.

"ఇసుకల మంచు పట్టుడేంది మేడం?"

"ఇసుక కాదు భాయ్, ఒడ్డున సన్నటి ఒండ్రు మట్టి. పైనుంచి గిడ్డంగి చలి దిగితే అందులో నీళ్లు గడ్డకట్టి, కింది తడిని ఇంకా పైకి లాక్కుంటాయి. ఆ మంచు పొరలే నేలను ఎత్తేస్తాయి."

"కరిగితె సక్కగైతది గద?"

"కాదు. నీళ్లెక్కువై దోసెపిండిలా జారిపోతుంది. బరువు మోయదు."

గిడ్డంగి దగ్గర ఫోర్‌మన్ రాజేశం ఎదురొచ్చాడు. జగిత్యాల మనిషి. కిందటేడు యంత్రాలు ఆపి మంచు కరిగించినప్పుడు, మోకాళ్లలోతు బురదలో దిగి ఆ మట్టంతా తవ్వి పోసింది అతనూ అతని మనుషులే. కంకర నింపి గొట్టాలు పరిచారు. వాటిలో తిరిగే బయటి వేడిగాలి నేలను గడ్డకట్టనివ్వదని నా లెక్క. ఇప్పుడు యజమాని చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

రసమట్టం నేలమీద పెట్టాను. బుడగ అటూ ఇటూ ఊగి నడిమధ్యన ఆగింది. ఏ మూల పెట్టినా అంతే. రాజేశం తలుపును ఒంటిచేత్తో తోశాడు. అది జారుకుంటూ పోయి ఠక్కున మూసుకుంది.

"మూసుకున్నది మేడం! ఇగ కూలగొట్టుడు మాఫీ!"

యజమాని నవ్వి "యల్లా! పదండి!" అంటూ చేపల లారీలకు చెయ్యి ఊపాడు. కూలీలు ఈలలు వేశారు.

"దుబాయ్‌ల మంచుతోటి కొట్లాడి గెల్సిన అంటె మా ఇంటోళ్లు నమ్ముతరా?" అన్నాడు రాజేశం, కళ్లు తుడుచుకుంటూ. వాళ్ల ఊళ్లో ఏ అరబ్బు దేశమైనా దుబాయే.

ఇన్నేళ్లూ మట్టిని డబ్బాల్లో చూసి, కాగితం మీద సంతకం పెట్టి పంపేసేదాన్ని. నేను చెప్పిన మాట మీద లారీలు బరువు దించుతుంటే ఆ పక్కనే నిలబడటం ఇదే మొదటిసారి. తిరుగుదారిలో ఎండ కూడా నావైపే ఉన్నట్టనిపించింది. మీరూ శుక్రవారమే వెళ్తుంటే పదకొండులోపు తిండీ నీళ్లూ కొనుక్కోండి. నమాజు వేళకు దుకాణాలు మూసేస్తారు.