పందొమ్మిదో ముద్ర

తోకుజీ కాగితపు లాంతర్లు చేసేవాడు. సన్నగా చీల్చిన వెదురు బద్దను కొయ్య అచ్చు చుట్టూ చుట్టి, పలచని కాగితం అంటించి, జిగురు ఆరాక అచ్చును ముక్కలుగా విప్పి లోపల్నుంచి తీసేసేవాడు. జపాన్‌లో చికుగో నది ఒడ్డున ఆ పేటలో నలభై ఏళ్లుగా పండక్కీ చావుకీ వేలాడినవన్నీ అతని చేతివే. మాట మాత్రం పొదుపు.

యుద్ధం ముగిసిన పదకొండేళ్లకు, తిరిగి రాని కుర్రాళ్ల పేర్లు చెక్కించి ఒక రాయి నిలపాలని పేటవాళ్లు అనుకున్నారు. మొత్తం పందొమ్మిది పేర్లు. వాటిలో తోకుజీ ఒక్కగానొక్క కొడుకు షున్‌సాకుది ఒకటి. అతని అస్థికలంటూ తెల్లగుడ్డ చుట్టిన పెట్టె ఇంటికి వచ్చినప్పుడు, విప్పి చూస్తే అందులో గులకరాయి ఉంది. ఆ రోజు నుంచీ తల్లి ఇసేకి కొడుకు కోసం దణ్ణం పెట్టుకునే చోటంటూ లేదు.

పేర్ల పైన ఒక వాక్యం ఉండాలన్నారు. దేశం యుద్ధంలోకి ఎందుకు దిగిందో తేలితే గానీ ఆ వాక్యం కుదరదు. గుడి చావడిలో మూడు ఆదివారాలు వాదించుకున్నారు.

“చమురయ్యా, చమురు. అమెరికావాడు ఆపేశాడు. పీక నొక్కితే ఎవడైనా చెయ్యెత్తడా?” అన్నారు పేట బడిలో పాఠాలు చెప్పి మానుకున్న సొనోదా మాస్టారు.

“చైనాలోంచి బయటికి రమ్మంటే మనం రాలేదనేగా ఆపాడు? ఆ పేజీ మీ బడి పుస్తకంలో చిరిగిపోయిందా మాస్టారూ?” అంది టోఫు అమ్మే ఓతకీ.

సారా కొట్టు మకినో పేటకు పెద్ద. “ఆ గొడవంతా మనకెందుకు? సైన్యం వాళ్లు నడవమన్నారు, నడిచాం. మనల్ని అడిగిందెవరు?”

ఆ మాట చావడిలో అందరికీ నచ్చింది. ‘సైన్యాధిపతులు ఈ దేశాన్ని యుద్ధంలోకి ఈడ్చుకుపోగా ప్రాణాలు విడిచినవారు’ అని రాసుకున్నారు. ఒప్పుకున్నట్టు ప్రతి ఇంటివాళ్లూ ఆ కాగితం మీద సంతకానికి బదులు ఇంటి ముద్ర వెయ్యాలి. ముద్ర పడని ఇంటి కుర్రాడి పేరు చెక్కరు. తోకుజీది తప్ప పద్దెనిమిదీ పడ్డాయి.

నాలుగో ఆదివారం తోకుజీ మడిచిపెట్టిన లాంతరొకటి తెచ్చి, చాప మీద పెట్టి సాగదీశాడు. దాని మీద ఎర్రటి సూర్యుడు, పక్కన ‘విజయం’ అన్న రాత.

“మనవాళ్లు సింగపూరు పట్టుకున్న వారం ఇలాంటివి మూడొందలు చేశాను. చాల్లేదు. మకినో గారూ, రెండు సరిపోలేదని మీరు మళ్లీ మనిషిని పంపారు. మాస్టారూ, ఊరేగింపులో పిల్లల చేత పాడించింది మీరు. అందరికంటే ముందు నడిచింది మావాడు. మనల్ని ఈడ్చిందెవరు?”



“నేనూ ఒకటి పట్టుకున్నాలే,” అంది ఓతకీ.

మకినో ముఖం గంటు పెట్టుకున్నాడు. “అయితే ఏం రాయమంటావ్ తోకుజీ అన్నా? మీ వాణ్ని మేం చంపామనా?”

“ఆ మాట నేనన్లేదు. లాంతరు నాదంటున్నా. కారణం రాయకండి. పేర్లు చాలు.”

“పద్దెనిమిది ఇళ్లు ఒప్పుకున్నాయి. శిల్పి బుధవారం దాకా ఆగుతాడు. ఆ పైన నీ ఇష్టం.”

బుధవారం తోకుజీ వెదురు కోసుకురావడానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఇసే బియ్యం కడుగుతోంది. ఆమె బొటనవేలికి ఎర్ర సిరా అంటుకుని ఉంది. ఎంత కడిగినా పోయినట్టు లేదు.

“మాస్టారొచ్చారా?”

“వచ్చారు. మీ వాదన మీది. నేను కాదన్లేదు. కానీ వాడు నాక్కూడా కొడుకే. వాడి పేరు ఆ రాయి మీద నాక్కావాలి.”

తోకుజీ సొరుగు లాగాడు. ఇసే ఇంటి ముద్ర వేసి, తుడవకుండానే పెట్టేసింది. లాంతరు కాగితం ముక్కతో దాన్ని తుడిచి, మళ్లీ దాని చిన్న సంచిలో వేసి సొరుగు మూశాడు.

శరదృతువులో రాయి నిలబెట్టారు. జనం వెళ్లిపోయాక ఇద్దరూ దాని ముందు నిలబడ్డారు. ఇసేకి చదువు రాదు. కొడుకు పేరెక్కడో అతనే వేలు పెట్టి చూపించాడు. ఆమె దాన్ని తడిమింది.

“పైన రాసింది చదివారా?”

“చదివాను.”

“తప్పేనా?”



“పేరు సరిగ్గానే చెక్కారు,” అన్నాడు.