ఎదిగి రమ్మన్న గుల్లలు

కృష్ణపట్నానికి దిగువనున్న ఆ పల్లెలో కామమ్మ ఎత్తు పదేళ్ల పిల్ల దగ్గరే ఆగిపోయింది. ఎత్తు ఆగిన సంగతి ఊరంతా చూసింది గానీ, వయసు ఆగలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పెద్ద వల లాగిన పూట, ఊళ్లో వాటాలు వేసే గంగులయ్య చేపలు పంచుతూ పెద్దవాళ్లకు పూర్తి వాటా, పిల్లలకు అర వాటా పెట్టేవాడు. ఒంట్లో సత్తువంతా పెట్టి మోకు లాగినా కామమ్మ ముందు అర వాటానే పడేది. అడగడానికి ఆమెకు నోరు పెగిలేది కాదు. ఎప్పటికైనా ఎదుగుతానని లోపలెక్కడో పిచ్చి ఆశ.

సముద్రం నీళ్లు వెనక్కి తీసిన పొద్దుటి పూటలు మాత్రం ఆమెవే. తడి ఇసుకలో తాళం కప్ప చిల్లులాంటిది కనిపిస్తే కాస్త ఉప్పు వేసేది. ఆ ఉప్పుకు, రెండు చిప్పల మధ్య బతికే కత్తిగుల్ల మంగలికత్తి పిడిలా పొడుగ్గా పైకి లేచేది. చిన్నవి వస్తే తట్టలో వేసుకునేది కాదు. "పో, ఎదిగి రా," అని ఇసుక మీద పెట్టేది. అది మెత్తటి పాదం కిందికి చాచి, దాన్ని ఉబ్బించి పట్టు చిక్కించుకుని, ఒళ్లంతా నిలువునా లోపలికి లాక్కునేది. అది మాయమైన చోటే చూస్తూ కామమ్మ ఒళ్లు మరిచేది. ఇసుక అడుగున, చల్లటి చీకట్లో, ఎత్తు గురించి అడిగేవాళ్లు లేనిచోట తానూ నిలబడి ఉన్నట్టుండేది.

పంతొమ్మిది వందల అరవై మూడులో, నెల్లూరు కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే ప్రమీలమ్మ గుల్లలు ఏరుకోవడానికి వచ్చింది. కామమ్మ వదలబోయిన చిన్నదాన్ని అడిగి తీసుకుని, విప్పి చూపించింది. లోపల తెల్లటి గట్టు ఒకటి అడ్డంగా ఉంది. పెద్దవాటిలో అది లేదు. చిప్ప మీద పెరుగుదల గీతలు, ఇక పెరగడం ఆగిందన్నట్టు, అంచు దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. కడుపు నిండా గుడ్లు.

"ఇవి పెద్దవాటి పిల్లలు కావు కామమ్మా, వేరే జాతి. ఇది ఎదగాల్సినంతా ఎదిగింది."

ఆమె వెళ్లిపోయాక కూడా కామమ్మ ఆ చిప్పను అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్లూ ఎదిగినవాటినే ఎదిగి రమ్మని పంపింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

మర్నాడు వల లాగారు. గంగులయ్య అలవాటుగా అర వాటా పెట్టి పక్కకు జరగబోయాడు. కామమ్మ చేపలు ముట్టుకోలేదు.

"మామా, నేనింక ఎదగను. నా ఎత్తు ఇంతే. పూర్తి వాటా పెట్టు."

గంగులయ్య మొదటిసారి వంగి ఆమెను చూశాడు. పాపిటకు అటూ ఇటూ తెల్లవెంట్రుకలు.

"నీ తల ఎప్పుడు నెరిసిందమ్మే?"

"చానా కాలమైంది మామా."

అతను మిగతా అర వాటా చేపలు కూడా రెండు చేతులా ఆమె ముందుకు తోశాడు. ఆ రోజు తట్ట బరువైపోయింది. దారి పొడుగునా దించుకుంటూ, ఎత్తుకుంటూ కామమ్మ ఇల్లు చేరింది.