రాదని చెప్పిన రోజు

పరీక్ష పాసయిన పిల్లకాయలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ముప్ఫై ఏండ్లు సర్కారు కొలువు చేసి ఇంట్లో కూచున్నవాణ్ణి గనక, ఉద్యోగం సంగతి నన్నడిగితే తెలుస్తుందని పెద్దవాళ్లు పంపిస్తారు. దరఖాస్తు ఎట్లా రాయాలి, ముందుగా ఎవరిని చూడాలి, కోటు వేసుకుని పోవాలా వద్దా అని అడుగుతారు. కోటు సంగతి నాకు తెలియదు. నా మొదటి ఉద్యోగం చేతిదాకా వచ్చి ఎట్లా పోయిందో మాత్రం చెప్తాను. ఇక్కడ రాసేదీ అదే.

మాది గుడియాత్తం. ఇంట్లో తెలుగు, వీధి దాటితే అరవం. నాయన గుంటమగ్గం మీద లుంగీలు నేసేవాడు. తెల్లారితే వీధి పొడుగునా పడుగులు సాచి గంజి పెట్టేవాళ్లు. నూలుకు కాలు తగలకుండా గోడల పక్కనే ఒదిగి నడిచి నేను బడికి పోయేవాణ్ణి. బడిలో నేర్పింది అరవమూ ఇంగ్లీషూ. మా వీధిలో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, తెలుగు చదవగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు. అదొక లోటని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

వేలూరు కాలేజీలో ఎఫ్.ఏ. పాసయినాను. మా వీధిలో అంతవరకూ చదివిన మొదటివాణ్ణి నేనే. నాయన ఆ మాట నూలు అంగట్లోనూ, అద్దకం వాళ్ల దగ్గరా, కనిపించిన ప్రతివాడికీ చెప్పినాడు. "మావోడు ఇంక మగ్గంలో నాడె పట్టడు. సర్కారు కుర్చీలో కూచుంటాడు" అని.

మూడు నెలలకు మా ఊరి రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా చోటు ఖాళీ అయింది. తాలూకాలో తెలుగు పల్లెలు చాలా ఉండేవి, అరవం పత్రాలతో పాటు తెలుగు పత్రాలూ ఆ ఆఫీసుకు వచ్చేవి. ఇంగ్లీషు, తమిళం, తెలుగు వచ్చు అని దరఖాస్తులో రాసినాను. పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాష, రాదని ఎట్లా రాస్తాను అనుకున్నాను.

రమ్మన్న రోజు పొద్దున్నే పోయి ఆఫీసు వసారాలో బల్ల మీద కూచున్నాను. నా పక్కన అదే ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. ఒకడు నెమిలి అనే ఊరి నుంచి వచ్చినాడు. ముగ్గురమూ ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ ఉన్నాము.

అప్పుడొక ముసలామె మెట్లెక్కి వచ్చి, ముగ్గురినీ చూసి, నా ముందర నిలబడింది. చేతిలో మడతపెట్టిన పత్రం ఉంది.

"నాయనా, బాగా సదువుకున్నోని మాదిరి ఉండావు. దీన్ని రోంత సదివి చెప్పప్పా" అనింది.

ఆమెది మోర్ధానా దారిలో ఒక పల్లె. పుట్టింటివాళ్లు ఇచ్చిన మెట్ట చేనును అన్న కొడుకుకు అమ్ముతా ఉంది. చేను పోయినా పక్కనే ఆమెకు ఒక వరి కయ్య ఉంది, దానికి నీళ్లు పారేది ఆ చేనులోని బావి నుంచే. బావిలో తన భాగం మాత్రం తనకే ఉండాలి. ఆమె అడిగింది ఆ ఒక్క సంగతే.

"బాయిలో నా బాగం నాకే అని రాసిండాదా, లేదా? అంతే సూడు నాయనా."

పత్రం విప్పినాను. గుండ్రంగా, ఒకదాన్నొకటి పట్టుకుని పరిగెత్తుతున్నట్టుండే రాత. అందులో ఒక్క అక్షరం కూడా నాకు తెలియదు. పక్కనున్న ఇద్దరూ నన్నే చూస్తున్నారు. లోపలి తలుపు తెరిచి ఉంది. నా కండ్లు వరుసల మీద పైనుంచి కిందికి పోయినాయి. చదివేవాడి మాదిరే పెదవులు కదిలించినాను.

"రాసిండాది అవ్వా" అన్నాను.

"సల్లగుండు నాయనా" అని ఆమె పత్రం మడిచి కొంగులో పెట్టుకుంది.

కొంతసేపటికి ఆమెను లోపలికి పిలిచినారు. మెట్ల కింద నిలబడి ఉన్న అన్న కొడుకు కూడా వెంట పోయినాడు. నేను కూచున్న చోటికి లోపలి మాటలు వినిపిస్తున్నాయి. పత్రంలో ఏముందో తెలుసునా అని రిజిస్ట్రారు ఆమెను అడిగినాడు.

"సదివించుకున్నా సామీ. బయట కూచోనుండే ఆ అప్పయ్య సదివినాడు."

గుమాస్తా సిరా దిమ్మె ముందుకు జరిపినాడు. ఆమె బొటనవేలు పట్టుకున్నాడు. అంతవరకూ నేను లేవాలని అనుకోలేదు. ఆ వేలు సిరాలో పడేటప్పుడు మాత్రం కాళ్లు వాటంతట అవే లేచినాయి. పిలవకుండానే లోపలికి పోయినాను.

"అయ్యా, ఆపండి. నాకు తెలుగు చదివేది రాదు. ఆమెకు అబద్ధం చెప్పినాను."

రిజిస్ట్రారు నా మొహం చూసి, బల్ల మీదున్న దరఖాస్తుల్లోంచి నాది బయటికి తీసి, ఆ మూడు భాషల వరుస మీద వేలు పెట్టినాడు. ఆఫీసు బయట పందిరి కింద కూచుని పత్రాలు రాసే పెద్దాయన్ను పిలిపించి, గట్టిగా చదవమన్నాడు.

పెద్దాయన అద్దాలు సర్దుకుని చదివినాడు. హద్దులన్నీ సరిగానే ఉన్నాయి. చివరి వరుసలో "బావితో సహా" అని ఉంది.

"కరణం అట్ల రాసినాడు, నాకేం తెలుసు" అన్నాడు అన్న కొడుకు. నిజంగా తెలియదో, తెలిసే ఊరకున్నాడో, నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ పత్రం పక్కన పెట్టి, బావి భాగం ఆమెకే ఉండేటట్టు ఇంకోటి రాయించినారు.

పోయేటప్పుడు ముసలామె నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"సదివేది నాకూ రాదు గదప్పా. నేనేమన్నా సిగ్గుపడితినా? నీకెందుకు అంత సిగ్గు?" అనింది.

ఎఫ్.ఏ. దాకా చదివినవాణ్ణి, తల వంచుకుని ఆమెకు దారి ఇచ్చినాను.

రిజిస్ట్రారు నన్ను చివరగా పిలిచినాడు. "నీకు ఈ ఉద్యోగం ఇయ్యలేను" అన్నాడు. గొంతులో కోపం లేదు. "పరీక్షలో తెలియని ప్రశ్నకు ఏదో ఒకటి రాసి వస్తాము. తప్పయితే మార్కులు పోతాయి, అంతే. ఇక్కడ తెలియనిదానికి ఏదో ఒకటి చెప్తే ఇంకొకరి కయ్య ఎండిపోతుంది. నువ్వు లేచి వచ్చినావు, మంచిదే. కాని ఆలస్యంగా వచ్చినావు. ముందు ఆ అక్షరాలు నేర్చుకో."

ఉద్యోగం నెమిలి అతనికి వచ్చింది.

ఇంటికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పినాను. నాయన మగ్గం ఆపి విన్నాడు. మెచ్చుకుంటాడని లోపల కొంచెం ఆశ ఉండింది.

"నోరు మూసుకోని కూచోనుంటే ఆ పని నీకొచ్చిండును గదరా" అన్నాడు. మళ్లీ నాడె ఆడించడం మొదలుపెట్టినాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఊరంతా చెప్పుకున్నాడు, ఇప్పుడు అందరికీ జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

మూడో రోజు పందిరి కింది పెద్దాయన దగ్గరికి పోయినాను. "నేర్పుతారా అయ్యా?" అని అడిగితే, "కూచో" అన్నాడు. అచ్చు పుస్తకాల అక్షరాలు నెల రోజుల్లో వచ్చినాయి. కరణాల గొలుసు రాత చదివేదానికి ఏడాది పట్టింది. తెలియని మాట వస్తే దాటేసి పోవాలని చూసేవాణ్ణి, కాలేజీలో అలవాటయిన పద్ధతి అది. ఆయన పుల్లతో అక్కడే పొడిచి, "ఇదేంది?" అనేవాడు. "తెలీదు" అంటే చెప్పేవాడు. ఊహించి చెప్తే, ఊహ సరిపోయినా సరే, పత్రం మొదటి నుంచి చదివించేవాడు. పత్రం రాయించుకునేదానికి ఆలంగాయం నుంచి వచ్చినవాళ్లతో అరవంలోనూ, మా వైపు రైతులతో తెలుగులోనూ మాట్లాడి హద్దులు రాసుకునే పని నాకిచ్చినాడు. ఇంట్లోనూ బయటా నేర్చిన రెండు భాషలూ అక్కడ పనికొచ్చినాయి.

రెండేండ్లయినాక వేలూరు ఆఫీసులో గుమాస్తా చోటు ఖాళీ పడింది. వార్త చెప్పింది ఆ రిజిస్ట్రారే. ఈసారి దరఖాస్తులో నాకు వచ్చినవి రాసి, కింద సర్వే పటాలు చదివేది రాదు, నేర్చుకుంటాను అని కూడా రాసినాను. వేలూరు అధికారి ఆ వరుస రెండుసార్లు చదివినాడు.

"ఇది ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ చెప్పలేదయ్యా. చేరినంక తెలిసేకన్నా ముందే తెలిస్తే మేలని రాసినాను."

సోమవారం వచ్చి చేరమన్నాడు. చేరిన మొదటి వారమే పటాలు నేర్పేదానికి ఒక పాత గుమాస్తాను నాకు అప్పగించినాడు. ముందే చెప్పకుండా ఉంటే ఎన్ని పటాలు తలకిందులుగా చదివేవాణ్ణో.

చేరిన ఏడాదికి నాయన రైలెక్కి వేలూరు వచ్చినాడు. ఆఫీసు వసారాలో ఒక మూల కూచుని పొద్దంతా చూసినాడు. రైతులు వస్తున్నారు, నేను చదివి వినిపిస్తున్నాను, వాళ్లు తలాడించి వేలిముద్ర వేస్తున్నారు. సాయంత్రం ఇద్దరమూ స్టేషనుకు జట్కాలో పోయినాము.

"అంతమంది నీ మాట నమ్మి ఏలు పెడతా ఉండారే. నీకు బయం లేదా?" అన్నాడు నాయన.

"ఉండాది నాయనా."

"ఉండనీ" అన్నాడు. ఆ పైన మగ్గం సంగతులు, ఇంటి సంగతులు రైలు వచ్చేదాకా చెప్తానే ఉన్నాడు.