షామీర్‌పేట మలుపులో డప్పులు

సైకిల్ పందాల పిచ్చి నాకు నలభై దాటాక పట్టింది. కామారెడ్డిలో మందుల దుకాణం నాది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఫోన్‌లో ఎక్కడెక్కడి దేశాల పందాలో చూస్తూ కూర్చుంటాను. "తొక్కేది గాళ్లు, సెమటలు నీకు" అంటుంది మా ఆవిడ. అటువంటిది నాలుగు రోజుల పందెం ఒకటి మన పక్కకే వచ్చి, చివరి రోజు మేడ్చల్‌లో మొదలై షామీర్‌పేటలో ముగుస్తుందంటే ఇంట్లో ఎట్లా కూర్చుంటాను?

పోవడానికి అసలు కారణం మల్లేశ్. షామీర్‌పేటలో చేపలు పట్టి బతికే ఇంటి పిల్లవాడు. పోయినేడు ఒక పందెంలో పరిచయమై, అప్పటినుంచి అన్నా అని ఫోన్ చేస్తుంటాడు. ఒక చిన్న జట్టు అతనికి జీతమిచ్చి, సైకిలిచ్చి తొక్కిస్తోంది. ఈ పందెంలో ఒక్క రోజైనా గెలిస్తే ఉంచుకుంటామని, లేకపోతే చివరి రోజు సాయంత్రం సైకిల్ అప్పజెప్పి పోవాలని మేనేజర్ తేల్చి చెప్పాడు. మూడు రోజులు అయిపోయాయి. మల్లేశ్ గెలవలేదు. మిగిలింది ఆదివారం ఒక్కటే.

తెల్లవారుజామునే కామారెడ్డి స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కాను. ఈ దారిన వచ్చేవాళ్లు ఎడమ వైపు కిటికీ చూసుకోండి, పొద్దున ఎండ పడ్డా గాలి బాగుంటుంది. ఎదురు సీట్లో కూరగాయల గంపతో ఒకామె కూర్చుంది. ఎక్కడికి, ఎందుకని అడిగితే చెప్పాను.

"సైకిళ్లు జూడనీకి గింత దూరమా? మా ఇంటికాడ మూడున్నయి, తుప్పు పట్టినయి, రా సూపిస్త" అని నవ్వింది.

ఎనిమిది దాటాక మేడ్చల్‌లో దిగాను. స్టేషన్ నుంచి బస్ డిపో దాకా నడిచే పోవచ్చు. డిపో ఎదురుగా ఇడ్లీ బండి మీద తిన్నాను. చట్నీలో కారం ఎక్కువ, చాయ్‌లో చక్కెర ఎక్కువ, రెంటికీ సరిపోయింది. రోడ్డుకు అడ్డంగా గాలి నింపిన పెద్ద ద్వారం నిలబెట్టారు. దాని పక్కనే మల్లేశ్ తల్లి లచ్చమ్మ, మేనమామ యాదయ్య నా కోసం చూస్తున్నారు. యాదయ్య వెంట ఐదుగురు మనుషులు, ఐదు డప్పులు. ఆరోది యాదయ్య చంకలో ఉంది.

"మా ఇంట్ల పుట్టుక కాంచి పెండ్లి దాక డప్పు లేంది ఏదీ కాలె సారూ. పొల్లగాడు గింత పెద్ద పందెంల ఉరుకుతుంటే ఉత్తగ జూస్తమా? ఏడ నిలవడాల్నో నువ్వే జెప్పు, నీకెర్కనే గద" అన్నాడు యాదయ్య.

నాకు ఎరుకే. నా తెలివి మీద నాకు అప్పటికి గట్టి నమ్మకం. గుంపును విడిచి కొందరు ముందుకు పారిపోవడాన్ని బ్రేక్‌అవే అంటారని, గుంపులో ఉన్నవాడు ముందువాడి వెనక గాలికి దాక్కుంటాడని, పారిపోయినవాడికి ఆ చాటు ఉండదని వాళ్లకు వివరించాను. గుంపు వాళ్లను కావాలనే పోనిస్తుంది. చివర్లో తరిమి పట్టుకుంటుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మల్లేశ్ వేగంగా దూసుకెళ్లే రకం కాదు, గుంపుతో కలిసి చివరికొస్తే గెలవలేడు. పారిపోయి దొరక్కుండా ఉంటేనే గెలుపు. షామీర్‌పేట చెరువు దాటాక ఒక మలుపు, మలుపు అవతల చిన్న ఎక్కుడు దారి ఉన్నాయి. అక్కడికి వచ్చేసరికి అతని కాళ్లలో శక్తి ఉండదు.

"మలుపు అవతల నిలబడండి. అక్కడ డప్పు వినబడితే కాళ్లు వాటంతట అవే ఆడతాయి" అన్నాను.

పందెం మొదలయ్యే ముందు మల్లేశ్ ఒక్క నిమిషం మా దగ్గరికి వచ్చాడు. మొహం పీక్కుపోయింది. తల్లి నుదుట బొట్టు పెట్టింది. "దుండిగల్ దాటంగనే పోత అన్నా" అన్నాడు నాతో, మెల్లగా.

అన్నట్టే పోయాడు. మేము షామీర్‌పేటకు షేర్ ఆటోల్లో బయల్దేరాం. నేరుగా బస్సు దొరకడం కష్టం, మనిషికి ముప్పై అడుగుతారు, డప్పుకు వేరుగా అడిగారు, యాదయ్య తిట్టి మానిపించాడు. దారిలో ఫోన్‌కు కబురు వచ్చింది. బౌరంపేట్ దగ్గర నలుగురు ముందున్నారు, అందులో మల్లేశ్ ఒకడు. లచ్చమ్మ ఆటోలోనే చేతులు జోడించింది. డ్రైవర్ వెనక్కి తిరిగి "అమ్మా, గెలిస్తె నాకు చాపలు ఫ్రీనా?" అన్నాడు. "బుట్టెడు తీస్కపో" అంది ఆమె. ఆ రోజు ఆమె నవ్వగా చూసింది అదొక్కసారే.

పదకొండు గంటలకల్లా చెరువు దగ్గరికి చేరాం. పులిహోర పొట్లాలు తెచ్చారు, నీడ చూసుకుని తిన్నాం. తర్వాత వాళ్లు మలుపు అవతలికి వెళ్లారు. నేను మలుపు మీదే రోడ్డు పక్కన ఒక బండరాయి ఎక్కాను. అక్కడినుంచి అటు డప్పులు, ఇటు చెరువు వెంబడి వచ్చే రోడ్డు రెండూ కనిపిస్తాయి. చూడాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదు. నాకు మాత్రం ఆ రాయి మళ్లీ కళ్లబడకపోతే చాలు.

ఈ పందెంలో తొక్కేవాళ్ల చెవుల్లో ఫోన్లు పెట్టనివ్వరు. ముందున్నవాళ్లకూ గుంపుకూ మధ్య ఎంత దూరముందో పలక మీద రాసి, మోటారుసైకిల్ మీద ఒకతను వెనక్కీ ముందుకూ తిరుగుతూ చూపిస్తాడు. చెరువు దగ్గర రోడ్డు సన్నం. అక్కడ అతను గుంపును దాటలేక వెనకే ఇరుక్కున్నాడట. అందువల్ల ఆ కాస్త దూరం ఎవరెంత ముందున్నారో గుంపుకు తెలియదు.

మల్లేశ్ ఒంటరిగా వచ్చాడు. మిగతా ముగ్గురినీ వదిలించుకున్నాడు. నోరు తెరిచి, భుజాలు ఊగుతూ, నన్ను చూడకుండానే నా కాళ్ల కింద నుంచి మలుపు తిరిగాడు. అలిసిపోయాడు. అతను మలుపు తిరగగానే చెరువు వైపు గుంపు కనబడింది. పట్టుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

కానీ ఆ గుంపును చూస్తే నాకు ఆనందం ఆగలేదు. వాళ్లు రోడ్డంతా పరుచుకుని వస్తున్నారు. ఒకడు నీళ్లు తాగుతున్నాడు, ఇద్దరు ముచ్చట్లు పెట్టుకున్నారు, ముందుండి లాగడానికి ఎవడూ సిద్ధంగా లేడు. నువ్వు లాగంటే నువ్వు లాగని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. పారిపోయినవాడు చాలా దూరం పోయాడని ఆశ వదులుకున్న గుంపు అట్లాగే ఉంటుంది. మలుపు అడ్డం ఉండబట్టి మల్లేశ్ కనబడటం లేదు. ఇంకాసేపు వాళ్లు అట్లా ఉంటే చాలు. గెలిచాడు, గెలిచాడని నాలో నేనే అనుకున్నాను.

అప్పుడు డప్పులు మోగాయి.

ఆరు డప్పులు ఒక్కసారి. చెరువు మీద పడి ఆ చప్పుడు ఇటు తిరిగి వచ్చింది. గుంపు ముందున్న ఎర్ర చొక్కావాడు తల ఎత్తాడు. ఊరికే ఎవరూ డప్పు కొట్టరని, వాడు ఇక్కడే ఉన్నాడని అర్థమైంది. చెయ్యెత్తి మలుపు వైపు చూపించాడు. నీళ్ల సీసాలు రోడ్డు పక్కకు ఎగిరిపడ్డాయి. పరుచుకున్న గుంపు కళ్ల ముందే దారంలా సాగింది.

నేను భుజం మీది తువ్వాల తీసి, ఆపండి ఆపండని యాదయ్య వైపు ఊపాను. అరిచాను. యాదయ్య నన్ను చూశాడు. సారు సంబరపడుతున్నాడనుకున్నాడు. మనుషులకు సైగ చేసి ఇంకా గట్టిగా కొట్టించాడు. లచ్చమ్మ చేతులు పైకెత్తి ఆడుతోంది. గుంపు నా కింద నుంచి ఈదురుగాలిలా పోయింది. నేను రాయి మీదే కూలబడ్డాను.

ముగింపు దగ్గరికి మేము నడిచి చేరేసరికి అంతా అయిపోయింది. ముగింపు ద్వారం కనబడే దూరంలోనే మల్లేశ్‌ను పట్టుకున్నారని మైకులో చెప్పారు. అందరూ దాటి పోయాక, చివరి కొందరితో వచ్చాడట.

జట్టు వ్యాన్ పక్కన నేల మీద కూర్చున్నాడు. లచ్చమ్మ కొంగుతో మొహం తుడిచింది.

"మా డప్పు ఇనవడ్డదా బిడ్డా?"

"ఇనవడ్డదే అమ్మా. గా సప్పుడుకే గంత దూరం తొక్కిన. లేకుంటే ఆడ్నే పడిపోతుంటి."

యాదయ్య కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లు నీళ్ల కోసం అటు వెళ్లగానే మల్లేశ్ నా వైపు తిరిగాడు.

"గుంపుల దోస్తు ఒకడు జెప్పిండు అన్నా. డప్పు ఇనే లేచిన్రంట. మామకు జెప్పకు."

"ఆ చోటు చూపించింది నేనే మల్లేశ్."

"ఎర్కే. మామ జెప్పిండు" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నాలుగు మాటలు పడేవాణ్ని. వ్యాన్‌లోంచి ఒకతను దిగి సైకిల్ పట్టుకుంటే మల్లేశ్ లేచి, సీటు మీద చెమట చేత్తో తుడిచి, ఇచ్చేశాడు. "కొలువు పోయిందని ఇంట్ల నిమ్మలంగ జెప్త. ఇయ్యాల్టికి గిట్ల ఉండనియ్యి" అన్నాడు.

షామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు తిరుగు ఆటో ఐదు గంటలకు దొరికింది. ఏడు లోపు రైలు వచ్చింది, ఆదివారం కాబట్టి నిలబడే చోటూ కష్టమే. పక్కన నిలబడ్డ కాలేజీ కుర్రవాడు నా టోపీ మీది సైకిల్ బొమ్మ చూసి "ఎవరు గెలిచిన్రు అంకుల్?" అన్నాడు. నాకు తెలియదు. అడగనే లేదు.

మీరూ ఎప్పుడైనా ఇట్లాంటి పందెం చూడటానికి పోతే, నీళ్లు, టోపీ తీసుకెళ్లండి, మలుపుల దగ్గర నిలబడండి. పారిపోయేవాణ్ని ప్రేమిస్తే మాత్రం నోరు మూసుకుని ప్రేమించండి. నాకు ఇన్నేళ్ల పిచ్చిలో దక్కిన తెలివి ఇదొక్కటే, అదీ ఒకడి బతుకు పోయాక దక్కింది.

మనోహరాబాద్ దాటుతుండగా యాదయ్య ఫోన్ చేశాడు.

"సారూ, పొల్లగాడు పండిండు. మస్తు అలిసిండు పాపం. మేం గిప్పుడే అనుకుంటున్నం, వచ్చే యేడు ఇంకో పది డప్పులు తెద్దమని. ఏడ నిలవడాల్నో మల్ల నువ్వే జెప్పాలె."

"అట్లనే యాదయ్యా" అన్నాను. "చెప్త."