తాలు కాయల పొగ

ఒక పిల్ల కన్ను, ఒక ఆడమనిషి చెయ్యి, ఆ తల్లీబిడ్డల మధ్య మాట. ఈ మూడింటినీ పాడుచేసింది నేనే. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మోశాను. పొద్దున లేవగానే మీదికెక్కి కూర్చునే బరువు, పడుకున్నా దిగేది కాదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకే మీతో అనగలుగుతున్నాను. మూడో తరగతితో బడి మానిన దాన్ని. వాక్యం వంకర పోతే మీరే సర్దుకోండి.

మాది కారేపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. మిరప పంట. నా కొడుకు సేద్యం చేస్తాడు. కోడలు అప్పట్లో గూడెం బడిలో టీచరు. ఒక్కతే మనవరాలు. దానికి చదరంగం నేర్పింది వాళ్లమ్మే. ఆ పిల్ల ఎక్కడెక్కడో ఆడి గెలిచి, పదహారేళ్లలోపు పిల్లల జట్టులో దేశం తరఫున ఆడటానికి ఎంపికైంది. పోటీ వేరే దేశంలో, దానికి ముందు శిక్షణ క్యాంపు. జట్టులో ఐదుగురు. నలుగురు బల్లల ముందు కూర్చుంటే ఒకరు ఆగి ఉంటారట. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా అది దేశానికేనట. నా కొడుకు సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాడు. దాన్ని చూసి నేను ఏమనుకున్నానో తెలుసా? తర్వాత కల్లంలో కప్పడానికి పనికొస్తుంది అనుకున్నాను. అంతే తట్టింది నాకు. మట్టిలో కాయ పడితే వంగి తీసే మనిషిని.

ఆ రోజు కల్లంలో మిర్చి ఆరుతోంది. కొడుకు మార్కెట్టుకు పోయాడు. కోడలు బడికి పోతూ, "అత్తమ్మా, పిల్లకు పని చెప్పకుండ్రి. క్యాంపు దగ్గర పడ్డది, ఆడుకోనియ్యుండ్రి" అంది. మెత్తగానే అంది. నాకే కారంగా తగిలింది. నా కల్లానికి నా మనవరాలిని కాపలా పెట్టుకోవడానికి ఈమె సెలవు కావాలా? ఆమె బస్సెక్కగానే పిల్లను కల్లం దగ్గర కూర్చోబెట్టాను. మబ్బు పడితే పట్టాలు కప్పమని చెప్పి, కాయ కోసే కూలీల దగ్గరికి పోయాను.

చినుకు పడగానే పరుగెత్తి వచ్చాను. పిల్ల రేకుల షెడ్డు కింద ఫోనులో తల పెట్టి జట్టు పిల్లలతో ఆడుతోంది. మిర్చి కింద ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. నన్ను చూశాక లేచింది. వట్టి చేతులతో తడి కాయలు ఎత్తి బుట్టలో వేయసాగింది.

జుట్టు పట్టుకుని ఈడ్చాను. చెంపల మీద కొట్టాను. పడిపోతే తన్నాను. ముక్కు నుంచి నెత్తురు కారింది. ఫోనును బండకేసి బాదాను. అంతటితో ఆగి ఉంటే ఈ కాగితం ఉండేది కాదు.

మా చిన్నప్పుడు మాట వినకపోతే మా అమ్మ మిరపకాయ పొగ పెట్టేది. పిడక నిప్పు మీద ఎండు కాయ ఒకటో రెండో. దగ్గి, ఏడ్చి, బుద్ధి తెచ్చుకుని బయటికి వచ్చేవాళ్లం. నేనూ అదే చేద్దామనుకున్నాను. కానీ అంత కోపంలోనూ నా చెయ్యి మంచి కాయ మీదికి పోలేదు. షెడ్డు మూలన తాలు కాయలు కుప్ప పోసి ఉన్నాయి. రంగు పోయి తెల్లబడినవి, ధర పలకనివి, వానజల్లుకు తడిసినవి. వాటిని దోసిళ్లతో ఎత్తి, కూలీల చాయ్ కోసం రాజేసిన కుంపట్లో పోశాను. ఎలాగూ పనికిరానివే కదా! ఎన్ని పోస్తే మాత్రం ఏం పోతుంది? మంచి కాయలైతే రెంటితో చాలించేదాన్ని. తడి కాయ మండదు, రగులుతుంది. నా జన్మలో అలాంటి పొగ చూడలేదు. పిల్లను షెడ్డు పక్కనున్న కొట్టుగదిలోకి తోసి, కుంపటి లోపలికి నెట్టి, గొళ్లెం వేశాను.

దగ్గు. తలుపు బాదడం. ఆ తర్వాత గోళ్లతో గీకడం. "నాయనమ్మా, కండ్లు, కండ్లు" అని కేక. నేను గొళ్లెం మీద చెయ్యి పెట్టి బయట నిలబడ్డాను. కేక ఆగాక తీశాను. ఆగకముందు ఎందుకు తీయలేదు? మనసులో చాలాసార్లు ఆ తలుపు ముందర నిలబడి నన్ను నేనే అడిగాను. భయం పెట్టాలనే నిలబడ్డావా, పిల్ల మీదున్న కోపమేనా అది, లేక పొద్దున ఆ మెత్తటి మాటన్న తల్లి మీది కోపమంతా ఆ గదిలో పోశావా? పోశాను. నిలబడినంతసేపూ నాకు తృప్తిగానే ఉండింది. అది రాయకపోతే ఇదంతా అబద్ధం.

కారం అంటిన చేతులతోనే నలుపుకుందేమో, కుడి కన్ను మాంసం ముద్దలా ఉబ్బింది. నులక మంచం మీద పడుకోబెట్టి తడిగుడ్డ కట్టాను. కొడుకూ కోడలూ వచ్చే వేళవుతోంది.

"కల్లంల కాయలు ఎత్తుతుంటే జారి పడ్డ, ఫోను పలిగింది, కండ్లల్ల కారం పడ్డదని చెప్పు" అన్నాను.

"నువ్వు పొగ పెట్టినవ్ గద, నాయనమ్మా."

"గట్ల చెప్తే మీ నాయనకు నేనొక్క మాట చెప్త. క్యాంపు లేదు, ఇమానం లేదు. ఇంట్లనే పడుంటవ్."

నా కొడుకు నా మాట జవదాటడు. పిల్లకు అది తెలుసు. కాసేపు దగ్గింది.

"చెప్పకపోతే పోనిస్తవా?"

"నోరు మూసుకుంటే పోతవ్."

"ఒట్టెయ్యి."

కళ్లకు గుడ్డ. గాలిలో తడుముకుని నా చెయ్యి దొరకబుచ్చుకుని తన తల మీద పెట్టుకుంది. ఒట్టేశాను.

ఖమ్మంలో కంటి దవాఖానాకు తీసుకుపోయారు. నల్లగుడ్డు మీద పుండు పడిందనీ, మానినా తెల్లటి పువ్వు మిగిలి ఆ కంటికి చూపు ఆనదనీ డాక్టరు చెప్పాడట. ఇంటికి వచ్చాక కొడుకు వాకిట్లో నిలబడి, "పిల్లను కల్లం కాడికి ఎవరు పంపిండ్రు?" అని అరిచాడు.

"ఇంకెవరు? నీ పెండ్లమే. పొద్దుగాల చెప్పి పోయింది" అన్నాను.

ముందుగా అనుకున్న మాట కాదు. నోటికి సిద్ధంగా దొరికింది. అంత సిద్ధంగా ఎలా దొరికింది? ఎన్నాళ్లుగా నాలో ఉందో.

వాడు బడితె తీశాడు. మొదటి దెబ్బ వీపు మీద. రెండోది తల మీద పడబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఎండు కందికట్టె విరిగినట్టు చప్పుడు. విరిగిన చేతి మీదే మళ్లీ కొట్టాడు. ఆమె నా వైపు చూడలేదు. మంచం మీది పిల్లను చూసింది. "చెప్పవే బిడ్డా, నేను పంపిన్నా?" అని అడిగింది. కళ్లకు కట్టు కట్టుకున్న ఆ పిల్ల ప్రతి దెబ్బా విన్నది. గోడ వైపు తిరిగి పడుకుంది. నేను గడపలో కూర్చుని ఉన్నాను. ఒక్క మాటతో ఆగేది. అనలేదు.

కోడలు వేలాడే చేత్తో పాల్వంచలో అన్న ఇంటికి పోయింది. అక్కడే కాలనీ బడిలో కుదురుకుంది. మళ్లీ మా గడప తొక్కలేదు. పిల్ల ఫోను చేస్తే ఎత్తుతుందట. "తిన్నవా" అంటుందట. ఆపైన ఇద్దరికీ మాట ఉండదు. నిజం చెప్తే నాయన పంపడేమోనని, విమానం కోసం బిడ్డ తనను కొట్టనిచ్చిందని ఆ తల్లి అనుకుంటోంది. ఎందుకనుకోదు?

పిల్ల పోయింది, ఒంటి కంటితో ఆడింది. ఆఖరి రోజు కుడివైపు మూలనున్న ఏనుగు కనిపించక ఓడిపోయింది. ఆ ఒక్క ఆటతో జట్టుకు పతకం తప్పిపోయింది. మిగతా నలుగురు పిల్లలూ బల్లల మీద తలలు పెట్టి ఏడ్చారట. నా కొడుకు, "తల్లి చేసిన పనికి దేశం పోయింది" అన్నాడు. నేను అన్నం వడ్డిస్తూ విన్నాను.

ఇప్పుడు ఆ పిల్ల పెద్దదై మళ్లీ దేశం జట్టులో ఆడుతోంది. మొన్న కొడుకు ఫోనులో చూపించాడు. ఆ లైట్ల వెలుతురుకు కుడి కన్ను కారుతూనే ఉంది. రుమాలుతో ఒత్తుకుంటూ ఎత్తు వేస్తోంది. పక్కింటామె చూసి, "దేశమంటే ఎంత పావురమో, ఎంత ప్రేమో, చూడు, ఏడుపు ఆపుకుంటలేదు" అంది. అది ఏడుపు కాదనీ, ఆ కొట్టుగది పొగేననీ అక్కడున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు. లేచి లోపలికి వచ్చేశాను. కాగితం తీసుకున్నాను.

పేరు రాయడం లేదు. అయినా నా కొడుకు ఇది చదివితే ఆ వాకిలినీ ఆ బడితెనూ పోల్చుకుంటాడు. పోల్చుకోనీ. నా ముఖాన ఉమ్మితే ఉమ్మనీ. కోడలు చదివితే నన్ను క్షమించాలని అడగను. అడిగే నోరు లేదు. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే. బిడ్డ నోరు మూసింది నేను, దాని తల మీద చెయ్యి పెట్టి మరీ. కల్లానికి పంపింది నేను. పొగ పెట్టింది నేను. గొళ్లెం వేసింది నేను. కొట్టింది నా కొడుకే. కొట్టించింది నేను.

చెప్పాను. ఇక ఇది నా ఒక్కదాని దగ్గరే లేదు.