రంగు పోయిన గుంట దగ్గరికి మళ్లీ

ఆరు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చిన ప్రయాణం ఇది. బాపట్లలో పరిశోధన చేసే రోజుల్లో, రేపల్లె దగ్గర ఒక నూలు అద్దకం షెడ్డు మురుగు చేరే గుంట నుంచి బురద తెచ్చాను. అందులోని బాక్టీరియాకు రంగు మోతాదు వారం వారం పెంచుతూ అలవాటు చేశాను. చివరికి అవి ఎర్రటి నీళ్లను రెండు రోజుల్లో తేటపరిచాయి. ఆ సంబరంలో వాటిని డబ్బాల్లో తీసుకెళ్లి గుంటలో పోశాను. కొద్ది వారాల్లో గుంట కూడా తేరింది. పక్కనే ఆకుకూరలు పండించే కోటేశ్వరమ్మగారు “ఇక వాడుకోవచ్చా బాబూ?” అని అడిగితే, పరీక్ష చేయకుండానే “వాడుకోండి” అన్నాను. తరువాత పరీక్షిస్తే తెలిసింది, బాక్టీరియా రంగును ముక్కలు చేశాయంతే. కంటికి కనబడని ఆ ముక్కలూ విషమే. తెలిసిన రోజే వెళ్లాల్సింది. థీసిస్ ఇచ్చేదాకా నోరు మెదపలేదు.

ఉదయం బాపట్లలో రైలెక్కితే గంటలో తెనాలి. ఇడ్లీ తిని రేపల్లె పాసింజరు పట్టుకున్నాను. టికెట్టు పది రూపాయలే, ప్రయాణం గంటకు పైన. అక్కడి నుంచి ఆటోకు నలభై. “ఆ గుంట దగ్గరికాండి? ఎవరో సారు మందు పోసి బాగుచేశారంటండి,” అన్నాడు డ్రైవరు. ఆ సారు నేనేనని చెప్పలేకపోయాను.

కోటేశ్వరమ్మగారు ఆ నీళ్లలోనే తోటకూర కడుగుతున్నారు. ఉన్నదంతా చెప్పాను. ఆవిడ చేతులు బయటికి తీసి కొంగుకు తుడుచుకున్నారు.

“మీకెప్పుడు తెలిసిందండి?”

“ఆరు నెలలైందండి.”

తడి తోటకూర కట్టను గట్టు మీద పడేసి అన్నారు, “మా బజారు గేదెలన్నీ ఇక్కడే తాగుతున్నాయి. నీళ్లు బాగయ్యాయని నేనే అందరికీ చెప్పా. ఇప్పుడు మీరే వచ్చి చెప్పండి. నా మాట ఇంక ఎవరూ నమ్మరు.”

ఆవిడ వెనకాలే గడప గడపకూ వెళ్లాను. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నయమనిపించింది. ఒక పెద్దాయన మనవరాలి చేతుల మీది పొక్కులు చూపించి, “దీనివల్లేనంటారా?” అన్నారు.

“తెలియదండి. డాక్టరుకు చూపిద్దాం.”

సాయంత్రం బండికి తాతామనవరాళ్లను తెనాలి తీసుకెళ్లాను. ఆ నీళ్లు తాకనివ్వొద్దని, వారం తరువాత మళ్లీ చూస్తానని డాక్టరు అన్నారు. దారి పొడుగునా ఆ పాప నా పక్కనే కూర్చుని పొలాలు చూస్తూ ఉంది. నేను తన వైపు చూడలేకపోయాను. కంటికి తేటగా కనిపించేసరికి పని అయిపోయిందనుకున్నాను. కాలేదని తెలిశాక కూడా, నన్ను నమ్మిన మనుషుల కన్నా నా పట్టాయే ముందనుకున్నాను. ఇందులో తెలియక జరిగిన తప్పు సగమే.

ఇలా నమూనాల కోసం ఊళ్లకు వెళ్లేవారికి ఒక్క సలహా. ఫలితం ఏదైనా తెలుగులో కాగితం మీద రాసుకుని, ఉదయం బండికే వెళ్లండి. ఇంటింటికీ తిరిగి చెప్పడానికి ఒక పూట చాలదు.