మొగుడున్న మబ్రూకా

మబ్రూకాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మత్మాతా కొండల్లో అందరూ అంటారు. ఉంటే తప్పేమిటి? ఆ కోపంతోనే నలుగురు పిల్లల్ని పెంచింది. చుట్టాలంతా సిమెంటు ఇళ్ళకు పోయినా, నేలను గుంటగా తవ్వి చుట్టూ గదులు తొలిచిన మామగారి ఇంట్లోనే పంతంగా ఉండిపోయింది. ఏటా గోడలకు సున్నం తనే వేస్తుంది.

ఆ ఇల్లు చూపించడానికి పక్క ఊరి గైడు మొండర్ యాత్రికుల గుంపులను తీసుకొస్తాడు. మబ్రూకా తిరగలి తిప్పి చూపిస్తుంది. వేడి రొట్టె, ఆలివ్ నూనె, తేనె పెడుతుంది. వాళ్ళు వెళ్తూ గుమ్మం దగ్గరి పళ్ళెంలో తోచింది వేస్తారు. గుంపు వచ్చిందంటే ఆమె భర్త బెల్గాసెం పైకెక్కి ఆలివ్ చెట్ల కిందకు పోవాలి. మగవాడు ఎదురుగా ఉంటే ఆడవాళ్ళు మొహమాటపడతారని మొండర్ చెప్పాడు. నిజమే కాబోలు అనుకుంది. కొందరు ముసలమ్మలు వెళ్తూ వెళ్తూ ఆమె చేతులు పట్టుకుని కళ్ళు ఒత్తుకునేవారు. తన రొట్టె రుచి అలాంటిదని మురిసిపోయేది, పిచ్చి తల్లి.

ఒకరోజు ఓ గుంపుతో రాజధాని ట్యునిస్ నుంచి ఇనెస్ అనే టీచరమ్మ కూడా వచ్చింది. గైడు చెప్పే ఫ్రెంచి, మబ్రూకా మాట్లాడే అరబ్బీ రెండూ తెలిసింది ఆమె ఒక్కతెకే. రొట్టె తిని, మబ్రూకా భుజం మీద చెయ్యి వేసింది.

"పోయిన మీ ఆయనను దేవుడు కరుణించాలి పిన్నీ. క్వారీలో రాళ్ళు మీద పడ్డాయటగా. ఒక్కదానివే ఎలా నెట్టుకొస్తున్నావో!"

"ఎవరు పోయారు?"

"మీ ఆయనే. గైడు చెప్పాడు."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం ఆ మొండర్. ఈ ఇంటికి వాసాలు లేవు గనుక మనుషుల్ని లెక్కపెట్టి ఒకణ్ణి తగ్గించాడు.

"ఒరేయ్ మొండర్! నా మొగుణ్ణి ఎప్పుడు పాతిపెట్టావురా? ఒక్క మాట చెబితే నేనూ వచ్చి ఏడ్చేదాన్నిగా!"

"నెమ్మది పిన్నీ, వాళ్ళు వింటున్నారు. మొగుడు పోయినదానివంటే పళ్ళెం నిండుతుంది. అంతా నీ మంచికే."

"నా మంచికి మీ నాన్నను చంపుకోకపోయావా? నీ నోట్లో మన్ను పడ!"

ఆ కొండల్లో భార్య పదిమందిలో భర్తను పేరు పెట్టి పిలవదు. మబ్రూకా ఎన్నడూ పిలవలేదు. ఇప్పుడు ముంగిట్లో నిలబడి, తలెత్తి, గొంతు చించుకుని అరిచింది.

"బెల్గాసెం! ఓ బెల్గాసెం! దిగిరా!"

కర్ర పొడుచుకుంటూ అతను దిగి వచ్చాడు.

"నువ్వు చచ్చిపోయావంటయ్యా, విన్నావా?"

బెల్గాసెం ఆశ్చర్యపోలేదు. నేలచూపులు చూశాడు. అది చూసి మబ్రూకా నిలువునా మండిపోయింది.

"అంటే నీకు తెలుసు!"

"వాడు నన్నడిగాడు. సరేనన్నాను. మోకాళ్ళు పోయాక బతికుండి నీకేం తెచ్చిపెట్టాను? చచ్చయినా కాస్త పనికొస్తాననుకున్నా."

"పనికొచ్చేవాళ్ళే బతకాలంటే ఈ కొండల్లో సగంమందిని పాతిపెట్టాలి!"

అతిథుల ముందున్న రొట్టె లాక్కుంది. మొగుణ్ణి అందరి మధ్యా చాప మీద కూచోబెట్టింది. ముక్క విరిచి నూనెలో ముంచి చేతిలో పెట్టింది.

"తిను. వీళ్ళంతా చూడాలి. నమిలి మింగు."

మొండర్ బయటికి రమ్మని చేతులూపుతున్నాడు. ఒక్కరూ కదలలేదు. బెల్గాసెం నమలసాగాడు.

"రేపటి నుంచి గుంపు రాదే," అన్నాడు నోట్లో రొట్టెతోనే.

"రాకపోతే పోనీ. ఇంకో ముక్క తిను."